కాఫీ మెషిన్‌లో టెంపరేచర్ సెన్సర్ పోతే కంపెనీదే వేయాలా, విలువ కుదిరితే బయటిది చాలా?

నెల్లూరు_కేఫ్:
అందరికీ నమస్కారం. మాది మాగుంట లేఔట్‌లో చిన్న కేఫ్. బాయిలర్ ఒకటే ఉన్న ఇటలీ ఎస్ప్రెసో మెషిన్ నడుపుతున్నాం. రెండ్రోజుల కిందట డిస్‌ప్లే మీద ఎర్రర్ వచ్చి హీటర్ ఎక్కడం మానేసింది. బాయిలర్ పైన స్క్రూతో బిగించిన సెన్సర్ విప్పి మల్టీమీటర్ పెడితే అసలు రీడింగే లేదు. లోపల తెగిపోయింది.

సర్వీస్ వాళ్లని అడిగితే సెన్సర్ ఒక్కటే ఇవ్వరట, వైరుతో సహా సెట్ తెప్పించాలట, బయటి దేశం నుంచి రావడానికి వారాలు పడుతుందట. ధర విని ఆగిపోయాను. మా ఊరి మెకానిక్ ఏమంటాడంటే, "ఇది పది కె ఎన్‌టీసీ (వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే పది కిలో ఓమ్‌ల సెన్సర్), వంద రూపాయల లోపు దొరుకుతుంది, ఎవరిదైనా ఒకటే." ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. రోజూ మనుషులు తాగే కాఫీ కాబట్టి ఊరికే తీసిపారేసే విషయం కాదనిపించి ఇక్కడ అడుగుతున్నాను. చేతులు పెట్టి చేసినవాళ్లు చెప్పండి.

సర్వీస్_ఇంజనీర్:
కంపెనీదే వేయండి. కాఫీ మెషిన్లు బాగుచేయడమే నా వృత్తి, అందుకే సూటిగా చెబుతున్నా. సెన్సర్ అంటే లోపల వేడి తెలుసుకునే ఆ చిన్న పూస ఒక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న తొడుగు, ఆ తొడుగు బాయిలర్‌కి ఎంత గట్టిగా ఆనుతుంది, వైరు మీది పూత ఎంత వేడికి ఆగుతుంది, లోపలి పూసకీ బయటి లోహానికీ మధ్య ఇన్సులేషన్ ఎంత, ఇవన్నీ కలిపితేనే ఆ పార్టు. వంద రూపాయల సెన్సర్లలో చాలావాటికి ఎపాక్సీ పూత, పీవీసీ వైరు ఉంటాయి. 105 డిగ్రీల దాకా మాత్రమే పనికొచ్చే వైరుని, ఆవిరి మోడ్‌లో 140 దాటే బాయిలర్ మీద పెడితే కొన్నాళ్లకి పూత గట్టిపడి పగులుతుంది. పక్కనే 230 వోల్టుల హీటర్ లగ్గులు (వైరు తగిలించే లోహపు కొసలు). ఇది రుచి విషయం కాదు, ప్రాణం విషయం.

ఒంగోలు_బెంచ్:
ఇంజనీర్ గారు చెప్పిన ప్రమాదం నిజమే, తీర్పుతో మాత్రం ఒప్పుకోను. పీవీసీ వైరు పనికిరాదంటే టెఫ్లాన్ వైరు ఉన్నది కొనాలి. ఎపాక్సీ పూస ఆగదంటే గాజు పూస ఉన్నది కొనాలి, అది 200 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. రెండూ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మెషిన్ తయారుచేసే కంపెనీలు సాధారణంగా సెన్సర్లు సొంతంగా చేసుకోవు. సెన్సర్లు చేసేవాళ్ల దగ్గర కొని, కనెక్టర్ బిగించి, సంచిలో వేసి తమ నంబరు అంటిస్తాయి.

కేఫ్ గారి మెకానిక్ అన్న "ఎవరిదైనా ఒకటే" అన్నమాట మాత్రం పచ్చి తప్పు. పది కె అన్నది 25 డిగ్రీల దగ్గర విలువ మాత్రమే. వేడెక్కే కొద్దీ ఆ ఓమ్‌లు ఎంత వేగంగా పడిపోతాయి అన్నది బీటా అనే అంకె చెబుతుంది. బజార్లో ఎక్కువగా కనిపించేవి బీటా 3950, బీటా 3435. రెండూ 25 డిగ్రీల దగ్గర పది కిలో ఓమ్‌లే చూపిస్తాయి. కాఫీ నీళ్ల వేడికి, అంటే 93 డిగ్రీలకి తీసుకెళ్తే 3950 ది సుమారు 850 ఓమ్‌లకి దిగుతుంది, 3435 ది 1180 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సెన్సర్ చూసి హీటర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ప్రోగ్రామ్ 3435 కోసం రాసింది అనుకుందాం. 3950 తగిలిస్తే నీళ్లు 82 దగ్గర ఉన్నప్పుడే బోర్డుకి 1180 కనిపించి, 93 అయిపోయిందని హీటర్ ఆపేస్తుంది. కాఫీ పుల్లగా, పలచగా దిగుతుంది. మీరు గింజల్ని తిడతారు, గ్రైండర్‌ని తిడతారు. తిరగేసి చేస్తే ఇంకా ఘోరం. 3950 బోర్డుకి 3435 తగిలిస్తే నీళ్లు 106 దాకా పోతాయి. కాఫీ దిగే చోటు, గ్రూప్ హెడ్‌లోంచి ఆవిరి చిమ్ముతుంది, పక్కనున్న పిల్లోడి చెయ్యి కాలుతుంది.

కాబట్టి అడగాల్సింది కంపెనీదా బయటిదా అని కాదన్నా. మీ బోర్డు ఏ బీటా కోసం రాశారు అన్నది ముందు తేలాలి.

హైవే_హోటల్:
మాది సింగరాయకొండ దగ్గర హైవే మీద హోటల్. నేను మెకానిక్‌ని కాదు, గల్లా పెట్టె దగ్గర కూర్చునే మనిషిని. నా లెక్క వేరే. తెల్లారుజామున బస్సులు ఆగే వేళకి కాఫీ లేకపోతే ఆ డ్రైవరు రేపటినుంచి ఇంకో హోటల్ ముందు ఆపుతాడు. పోయిన బస్సు మళ్లీ రాదు. వారాలు ఆగి కంపెనీ సెన్సర్ వేయించుకోమని చెప్పేవాళ్లు ఆ వారాల నష్టం కూడా ధరలో కలిపి చెప్పాలి.

మా దగ్గర పాత నీళ్ల బాయిలర్‌కి బోర్డే లేదు. రాగి గొట్టం ఉన్న థర్మోస్టాట్, 30 నుంచి 110 దాకా తిప్పేది. పోతే ఒంగోలులోనే దొరుకుతుంది, గంటలో వేసేస్తారు. పొడికి వేడినీళ్లు కలిపి కాఫీ ఇచ్చే ప్రీమిక్స్ మెషిన్ మాత్రం బోర్డుది. దాని సెన్సర్ పోయినప్పుడే ఈ తలనొప్పి.

నెల్లూరు_కేఫ్:
బెంచ్ అన్నా, బాగా అర్థమయింది. ఇంకో సందేహం. మెకానిక్ ఒక సెన్సర్ తెచ్చాడు. మీటర్ పెడితే 6.4 కె చూపించింది. "ఇది పది కె కాదు, అంగడివాడు మోసం చేశాడు, మార్చుకొస్తా" అని తీసుకెళ్లబోయాడు, నేనే ఆపాను. ఇది నిజంగా వేరే విలువదా?

ఇన్‌స్ట్రుమెంటేషన్_మాస్టారు:
ఆపి మంచి పని చేశారు. అది పది కె సెన్సరే. పాలిటెక్నిక్‌లో ఈ సబ్జెక్టే చెబుతాను, ప్రతి వేసవిలోనూ పిల్లలు ఇదే అడుగుతారు.

పది కె అని ముద్రించేది 25 డిగ్రీలకి. నెల్లూరులో మీ కేఫ్ వంటగదిలో 25 ఎప్పుడుంటుంది చెప్పండి? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పక్కన పొయ్యి వెలుగుతుంటే, గదిలో 35 తేలిగ్గా దాటుతుంది. 35 దగ్గర బీటా 3950 సెన్సర్ దాదాపు ఆరున్నర కిలో ఓమ్‌లు చూపిస్తుంది. 38 దగ్గర ఆరుకీ లోపే. వేళ్ల మధ్య పట్టుకుని కొలిస్తే మీ ఒంటి వేడికి కూడా పడిపోతుంది. బాగున్న సెన్సర్లని చెత్తబుట్టలో వేయడం, లేదా 6.8 కె కావాలని అంగళ్లు తిరగడం, రెండూ మన జిల్లాల్లో జరుగుతూనే ఉన్నాయి.

గది వేడిలో చేసే కొలత ఒక్కటే సంగతి చెబుతుంది, సెన్సర్ బతికుందా లేదా అని. బీటా తేలాలంటే దూరంగా ఉన్న రెండు వేడిమిలు కావాలి. మనకి ఆ రెండూ ఊరికే దొరుకుతాయి. నీళ్లు పోసి బాగా కలిపిన ఐసు ముక్కల గ్లాసు, అది సున్నా. తెర్లుతున్న నీళ్లు, అది నూరు. నెల్లూరు, ఒంగోలు సముద్ర మట్టానికి దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి తెర్లే నీళ్లని 100 అనుకోవచ్చు, సవరణ అక్కర్లేదు. కొండ ఊళ్లలో ఈ సౌకర్యం లేదు. 100 దగ్గర పది కె సెన్సర్ 700 చుట్టూ చూపిస్తే 3950, వెయ్యికి కాస్త తక్కువ చూపిస్తే 3435. తేడా పెద్దదే, మామూలు మీటరుకి కూడా దొరుకుతుంది. సెన్సర్ గిన్నె అడుగుకి తగలకూడదు, అక్కడ వేడి ఎక్కువ. వైరు కలిపిన చోటికి నీళ్లు చేరకూడదు, చేరితే కొలత తప్పుతుంది.

కావలి_కుర్రోడు:
మాస్టారూ, త్రీడీ ప్రింటర్లకి వాడే 100 కె గాజు పూస సెన్సర్లు నా దగ్గర బోలెడున్నాయి. 300 డిగ్రీల దాకా ఆగుతాయి, వైరు సన్నం, బీటా కూడా 3950. వాటిని వేయొచ్చు కదా?

ఒంగోలు_బెంచ్:
వద్దు తమ్ముడూ, దయచేసి ఎవరూ చేయొద్దు. 100 కె సెన్సర్ 93 డిగ్రీల దగ్గర ఎనిమిదిన్నర కిలో ఓమ్‌లు చూపిస్తుంది. పది కె కోసం రాసిన బోర్డుకి అది 29 డిగ్రీల నీళ్లలా కనిపిస్తుంది. హీటర్ ఆపదు. 3435 బోర్డు అయితే ఆ సెన్సర్ 175 డిగ్రీలు చేరేదాకా ఆపదు. ఆలోపు థర్మల్ ఫ్యూజ్ (వేడి హద్దు దాటితే హీటర్‌కి కరెంటు కోసేసేది) కొట్టేస్తే అదృష్టం. ఆ ఫ్యూజ్‌ని ఎవడో ముందే వైరు ముక్కతో కలిపేసి ఉంటే ఏమవుతుందో నేను రాయను.

నెల్లూరు_కేఫ్:
మరి నా పాత సెన్సర్ తెగిపోయింది కదా. దాన్ని తెర్లే నీళ్లలో పెట్టినా ఏమీ చూపించదు. మాన్యువల్‌లో ఈ అంకె లేదు. బోర్డుకి ఏ బీటా కావాలో ఎట్లా తెలుస్తుంది?

ఒంగోలు_బెంచ్:
దీనికే నేను రోజూ వాడే పద్ధతి ఉంది. మీ మెషిన్ డిస్‌ప్లే మీద డిగ్రీలు చూపిస్తుంది అంటేనే పనికొస్తుంది.

మొట్టమొదట ప్లగ్ పీకి, హీటర్ వైర్లు రెండూ విప్పి, లగ్గులకి టేపు చుట్టి పక్కకి కట్టేయండి. ఇది మర్చిపోతే మిగతాది చదవొద్దు. ఎందుకంటే మనం బోర్డుకి అబద్ధపు వేడి చూపించబోతున్నాం, అది నమ్మి హీటర్ వేసేస్తుంది.

సెన్సర్ కనెక్టర్‌లో సెన్సర్ బదులు ఒక పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఒక్క శాతం తేడా ఉన్న మెటల్ ఫిల్మ్ రకం, రూపాయో రెండో. అప్పుడు ప్లగ్ పెట్టి మెషిన్ ఆన్ చేస్తే డిస్‌ప్లే 25 చూపించాలి. చూపిస్తే మీ బోర్డు పది కె కోసమే. చూపించకపోతే అది 50 కె దో ఇంకోటో, అక్కడే ఆగండి. తర్వాత ప్లగ్ పీకి పది తీసి ఒక కిలో ఓమ్ పెట్టండి. 88 దగ్గర చూపిస్తే బోర్డు 3950 కోసం. 99, 100 దగ్గర చూపిస్తే 3435 కోసం. మధ్యలో ఏదో చూపిస్తే బీటా కూడా మధ్యలో ఏదో, ఆ అంకె ఇక్కడ పెట్టండి, మాస్టారు లెక్క కట్టిపెడతారు. హీటర్ విప్పాం కాబట్టి కాసేపటికి బోర్డు ఎర్రర్ ఇవ్వొచ్చు, ఫర్వాలేదు, మొదట కనిపించిన అంకె రాసుకోండి.

సర్వీస్_ఇంజనీర్:
పద్ధతి బాగానే ఉంది, నేనూ ఫీల్డులో చేశాను. కానీ దీన్ని కస్టమర్ చేతులతో చేయించడం నాకు నచ్చలేదు. మూత తీసిన మెషిన్‌లో కరెంటు ఉంటుంది. కొన్ని బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, సెన్సర్ వైర్లకి కూడా మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉంటుంది. అక్కడ రెసిస్టర్ కాలు ముట్టుకుంటే షాకే. కేఫ్ గారూ, మీ మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి. రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే చాలు అనుకోవద్దు.

ఒంగోలు_బెంచ్:
ఈ మాటకి వందకి వంద ఒప్పుకుంటా.

కావలి_కుర్రోడు:
నాకో వేరే ఆలోచన. ఇన్ని తంటాలెందుకు? ఆ బోర్డు వేడి సంగతే పక్కన పెట్టి, బయట ఒక పీఐడీ కంట్రోలర్ (వేడిని ఒకేచోట నిలబెట్టే పెట్టె), ఒక ఎస్ఎస్ఆర్ (హీటర్‌ని వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్), ఒక పీటీ 100 అనే ప్లాటినం సెన్సర్ పెట్టుకుంటే సరిపోతుంది. పీటీ 100 కి బీటా గొడవే లేదు. సున్నా దగ్గర 100 ఓమ్‌లు, నూరు డిగ్రీల దగ్గర 138.5. ఇప్పుడు దాదాపు ఏ దేశంలో చేసినా అదే లెక్క. గాజియా క్లాసిక్ లాంటి థర్మోస్టాట్ మెషిన్లకి ప్రపంచమంతా ఇదే చేస్తున్నారు. దాంట్లో బ్రూ థర్మోస్టాట్ 107 దగ్గర ఆపుతుంది, మళ్లీ ఎప్పుడు వేస్తుందో దాని ఇష్టం. ఒక కప్పు చేదు, ఇంకో కప్పు పులుపు. పీఐడీ పెట్టాక నీళ్లు డిగ్రీ అటూ ఇటూ కదలవు. నా ఇంట్లో మెషిన్‌కి చేసుకున్నా. అరకు గింజల్లో ఉన్న తీపి అప్పుడు తెలిసింది.

హైవే_హోటల్:
నీ ఇంట్లో మెషిన్ నువ్వొక్కడివే వాడతావు బాబూ. మా దగ్గర మూడు షిఫ్టుల మనుషులు వాడతారు. బయట వేలాడే పెట్టె మీద ఎవరు ఏ బటన్ నొక్కుతారో చెప్పలేం. పాడైతే నిన్ను కావలి నుంచి పిలవాలా?

ఇన్‌స్ట్రుమెంటేషన్_మాస్టారు:
కుర్రాడి ఉత్సాహం మంచిదే, థర్మోస్టాట్ మెషిన్ విషయంలో అతను చెప్పింది సరైనదే కూడా. కానీ బోర్డు ఉన్న మెషిన్‌లో బోర్డుకి వేడి తెలియకపోతే పంపు కూడా నడవనివ్వదు. అక్కడ ఆ సెన్సర్ ఉండి తీరాలి. పీటీ 100 కి ఇంకో సంగతి. ఒక్క డిగ్రీకి మారేది 0.385 ఓమ్ మాత్రమే. రెండు వైర్లదే వాడితే, వైర్లలో ఒక ఓమ్ అదనంగా చేరినా రెండున్నర డిగ్రీలు తేడా వస్తుంది. మూడు వైర్లది వాడాలి. ఎన్‌టీసీకి ఆ బాధ తక్కువ. 93 దగ్గర డిగ్రీకి పాతిక ముప్పై ఓమ్‌లు కదులుతుంది కాబట్టి ఒక ఓమ్ లెక్కలోకే రాదు.

కొత్తపట్నం_తీరం:
మాస్టారు అన్నదానికి సముద్రం పక్క అనుభవం కలుపుతా. ఒక ఓమ్ లెక్కలోకి రాదు సరే, మా దగ్గర కనెక్టర్లలో వంద ఓమ్‌లు చేరతాయి. ఉప్పు గాలి. పిన్నులు ఆకుపచ్చగా, తెల్లగా పొడి పడతాయి. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట ఏ షాపులో మెషిన్ విప్పినా ఇదే కనిపిస్తుంది. సెన్సర్ వరసలో 150 ఓమ్‌లు అదనంగా చేరితే బోర్డుకి నీళ్లు చల్లగా ఉన్నట్టు కనిపిస్తాయి, అది ఇంకో అయిదు డిగ్రీలు ఎక్కిస్తుంది. జనం సెన్సర్ మార్చేస్తారు, కొత్తది పెట్టేటప్పుడు కనెక్టర్ రాపిడికి కాస్త శుభ్రమై బాగయినట్టు కనిపిస్తుంది, నెలలో మళ్లీ మొదలు. కాబట్టి సెన్సర్ కొనేముందు కనెక్టర్ పీకి, సెన్సర్ కాళ్ల దగ్గరొకసారి, బోర్డులోంచి పీకిన వైరు చివర పిన్ను దగ్గరొకసారి కొలవండి. రెండూ ఒకటే రావాలి. తేడా ఉంటే డబ్బు ఖర్చు పెట్టాల్సింది పిన్నుల మీద.

అట్టాగే లోపలి వైపు ఉప్పు. ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ల బోరు నీళ్లు బాయిలర్‌లో పోస్తే నీళ్లలో మునిగే సెన్సర్ మీద తెల్ల పొర కడుతుంది. వేడి దాని లోపలికి ఆలస్యంగా చేరుతుంది, బోర్డు తెలుసుకునేసరికి నీళ్లు హద్దు దాటేస్తాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో పొర తీశాక చాలా "పోయిన" సెన్సర్లు బాగుంటాయి.

నెల్లూరు_కేఫ్:
మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని చేశాం. హీటర్ వైర్లు విప్పి, ప్రతిసారీ ప్లగ్ పీకి. పది కె పెడితే 25. ఒక కె పెడితే 99. అంటే బోర్డు 3435 కోసం. మెకానిక్ తెచ్చిన సెన్సర్ తెర్లే నీళ్లలో పెడితే 690 చూపించింది. అంటే అది 3950. వేసి ఉంటే రోజూ 82 డిగ్రీల కాఫీ అమ్మేవాళ్లం. ఆయన కూడా అంకెలు తన పుస్తకంలో రాసుకున్నాడు.

సర్వీస్_ఇంజనీర్:
చూశారా? బయటిది వేస్తే ఏమవుతుందో మీ మీటరే చెప్పింది. కంపెనీ పార్టు అయితే ఈ పరీక్షలే అక్కర్లేదు. పార్టు నంబరు చూసి బిగించడమే.

ఒంగోలు_బెంచ్:
లేదు సార్. ఆయన మీటర్ చెప్పింది తప్పు బీటా వేయొద్దని. బయటిది వేయొద్దని చెప్పలేదు. పది కె, 3435, గాజు పూస, టెఫ్లాన్ వైరు, ఆ స్క్రూకి సరిపోయే లగ్గు తొడుగు ఉన్నది రేపు చెన్నైలో దొరుకుతుంది. తెర్లే నీళ్లలో వెయ్యికి కాస్త తక్కువ చూపిస్తే, దానికీ కంపెనీ సంచిలో వచ్చేదానికీ బోర్డు తేడా కనిపెట్టలేదు.

పార్టు నంబరు చూసి బిగించేవాడికి పరీక్ష అక్కర్లేదన్నారు. నా బాధ అక్కడే. కంపెనీ సంచి పేరుతో నకిలీవి కూడా వస్తున్నాయి. సంచి మీద నమ్మకంతో కొలవకుండా బిగిస్తే అది బయటపడేది ఎప్పుడు? ఎవరో కస్టమర్ కాఫీ బాగాలేదన్నప్పుడు. ఏది కొన్నా తెర్లే నీళ్లలో ముంచి కొలవాలి. అయిదు నిమిషాల పని.

సర్వీస్_ఇంజనీర్:
మీలాగా కొలిచేవాళ్లు జిల్లాకి ఎంతమంది? నేను మీకు సలహా ఇవ్వడం లేదు, ఈ చర్చ చదివి రేపు సెన్సర్ కొనబోయే వందమందికి ఇస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది బీటా చూడరు, వైరు చూడరు. వాళ్లకి కంపెనీది అని చెప్పడమే క్షేమం. ఇంకో సంగతి మీరు దాటేశారు. కేఫ్ గారిది బాయిలర్ బయట బిగించేది, పొడి సెన్సర్. నీళ్లలోకి దిగే సెన్సర్ అయితే? ఆవిరి బాయిలర్‌లో ఒక బార్ ఒత్తిడి దగ్గర 120 డిగ్రీలు ఉంటుంది. ఆ ఒత్తిడిని ఆపేది సెన్సర్ మర, దాని కింది సీలు. మర ఒక చుట్టు తేడా ఉన్నా, సీలు ఆహారానికి పనికొచ్చే రకం కాకపోయినా, తొడుగు ఏ లోహమో తెలియకపోయినా, అది మనుషులు తాగే నీళ్లలోకి వెళ్తుంది, లేదా ఒత్తిడికి ఎగిరి మొహానికి తగులుతుంది. అక్కడ కూడా రిచీ స్ట్రీట్ అంటారా?

ఒంగోలు_బెంచ్:
అనను. ఒత్తిడిలో మునిగే సెన్సర్ నేనూ కంపెనీదే వేస్తాను, అది దొరికేదాకా మెషిన్ మూసి ఉంచమంటాను. అలాంటి పని వదులుకున్నాను కూడా. నా వాదన పొడిగా బయట బిగించే సెన్సర్ల గురించే. అక్కడ కూడా పాత థర్మల్ పేస్ట్ గీకేసి కొత్తది పల్చగా రాసి, కదలకుండా బిగించాలి. వదులుగా ఉంటే ఎంత ఖరీదైన సెన్సరైనా బాయిలర్ వేడి కాకుండా గాలి వేడి చెబుతుంది.

మీరు వందమంది గురించి అన్నారు. ఆ వందమందిలో సగం మందికి కంపెనీది కొనే స్తోమత లేదు సార్. కొనలేనివాడికి కంపెనీదే కొను అని చెప్పి ఊరుకుంటే వాడు కొనడు, చేతికి దొరికింది వేస్తాడు. అందుకే ఎట్టా కొలవాలో చెప్పడం మేలని నా నమ్మకం.

ఇన్‌స్ట్రుమెంటేషన్_మాస్టారు:
ఇద్దరి మధ్య నాకు కనిపించే గీత ఇది. పొడిది, బోర్డు విలువ కొలిచి తేల్చింది అయితే బెంచ్ వైపు. తడిది, లేదా బోర్డు డిగ్రీలు చూపించక విలువ తేలనిది అయితే ఇంజనీర్ వైపు. ఆ రెండో రకం మన ప్రీమిక్స్ మెషిన్లలో ఎక్కువ. అక్కడ డిస్‌ప్లే ఉండదు, లైటు మాత్రం వెలుగుతుంది.

హైవే_హోటల్:
నాది ఆ రకమే మరి. లైటు తప్ప ఏమీ చూపించదు. కిందటి వేసవిలో సెన్సర్ మార్చిన మనిషి థర్మల్ ఫ్యూజ్ కూడా పోయిందని దాన్ని తీసేసి వైరు కలిపి వెళ్లాడు. "దొరికాక వేద్దాం అక్కా" అన్నాడు. మెషిన్ నడుస్తానే ఉంది. బెంచ్ తమ్ముడు పైన రాసింది చదివినప్పటినుంచి భయంగా ఉంది. ఏం చేయాలి?

సర్వీస్_ఇంజనీర్:
అక్కా, ఇది చదవగానే ప్లగ్ పీకేయండి. బస్సులు వచ్చినా సరే, గిన్నెలో డికాషన్ పెట్టి ఇవ్వండి. సెన్సర్ వైరు తెగితే, బుర్ర తక్కువ బోర్డు నీళ్లు చల్లగా ఉన్నాయనుకుని హీటర్ వేస్తూనే ఉంటుంది. అప్పుడు ఆపేది ఆ ఫ్యూజ్ ఒక్కటే.

ఒంగోలు_బెంచ్:
అవునక్కా, ఆపేయండి. థర్మల్ ఫ్యూజ్ ఖరీదు కాదు, దొరకనిదీ కాదు, ఒంగోలులోనే ఉంటుంది. పాతదాని మీద డిగ్రీలు, ఆంపియర్లు ముద్రించి ఉంటాయి, కొత్తది సరిగ్గా అవే ఉండాలి. ఎక్కువ డిగ్రీలది వేస్తే మంచిదని ఎవరైనా అంటే వినొద్దు. పాతది పారేసి ఉంటే అదే మోడల్ ఇంకో మెషిన్‌లో చూసి రాసుకోవాలి. వేసేవాడు టంకం పెట్టకూడదు, ఆ వేడికే ఫ్యూజ్ లోపల కరిగి పోతుంది. క్రింప్ లగ్గుతో నొక్కి, వేడికి ఆగే ఫైబర్ స్లీవ్ తొడిగి, మొదట ఎక్కడ ఉందో అక్కడే, బాయిలర్‌కి ఆనించి బిగించాలి. పక్కన బటన్ లాంటి థర్మోస్టాట్ కూడా ఉంటే, దాని మీది అంకె చూడమనండి. మధ్యలో చేత్తో నొక్కితేనే మళ్లీ కలిసే బుల్లి మీట ఉన్న రకం పోతే అదే రకం వేయాలి. దానంతటదే మళ్లీ కలిసే రకం వేస్తే, తప్పు బయటపడకుండా అది ఆగుతూ కలుస్తూ ఉంటుంది.

ఇప్పుడున్న సెన్సర్ ఏదో మనకి తెలియదు కాబట్టి ఫ్యూజ్ వేశాక ఒక పని చేయించండి. లైటు ఆరిన వెంటనే వచ్చే నీళ్లని స్టీలు గ్లాసులో పట్టి, వంటింటి థర్మామీటర్ పెట్టి చూడమనండి. మొదటి గ్లాసు పారబోసి రెండోదాంట్లో చూడాలి. 80 కి బాగా కిందున్నా, నీళ్ల బదులు ఆవిరే చిమ్ముతున్నా సెన్సర్ తప్పుదని అర్థం. అప్పుడు ఆ మెషిన్‌కి ఇంజనీర్ గారు చెప్పినట్టు కంపెనీదే తెప్పించండి. ఈ విషయంలో నేను వాదించను.

హైవే_హోటల్:
ప్లగ్ పీకించాను. రేపు పొద్దున్నే ఒంగోలుకి మనిషిని పంపుతున్నా. ఫ్యూజ్ పాతది వంటమనిషి డబ్బాలో దాచిపెట్టాడు, దొరికింది. దాని మీద అంకెలు ఫోటో తీసి ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.